గతిలేని నేరంలో మూడో మనిషి



1898 మార్చి. ఫ్రాన్స్‌లో మార్న్ నది ఒడ్డున ఉన్న షాటో-త్యెరీ అనే చిన్న ఊరి కోర్టు. బోనులో ఇరవై దాటిన ఒక యువతి. దుకాణంలో రొట్టె దొంగిలించిందని కేసు. సాక్షులతో పెద్దగా పనిపడలేదు, తీసుకున్నానని ఆమే ఒప్పుకుంది. పెళ్లి కాని తల్లి. ఇంట్లో తల్లి, రెండేళ్ల బిడ్డ. పని కోసం ఎంత తిరిగినా దొరకలేదు. రొట్టె మీద చెయ్యి వేసేనాటికి ఆమె నోట్లో ఏమైనా వేసుకుని ముప్పై ఆరు గంటలైంది.

జడ్జి పేరు పోల్ మాన్యో. ఆమె నిర్దోషి అని వదిలేశాడు. అంతటితో ఆగితే ఆ తీర్పు ఆ ఊరి పొలిమేర దాటేది కాదు. ఆయన కారణం కూడా రాశాడు. పద్ధతిగా నడిచే సమాజంలో ఒక మనిషికి, అందులోనూ ఒక తల్లికి, తన తప్పేమీ లేకుండా తిండి కరువవడం విచారించాల్సిన సంగతి అన్నాడు. అలాంటప్పుడు చట్టంలోని కఠినమైన మాటలకు మనిషితనంతో అర్థం చెప్పే అధికారం జడ్జికి ఉందని, అది ఆయన బాధ్యత కూడా అని తేల్చాడు. పారిస్ పత్రికలు ఆ తీర్పును ఎత్తుకున్నాయి. తర్వాతి కాలంలో ప్రధానమంత్రి అయిన క్లెమెన్సో అప్పట్లో పత్రికలకు రాస్తుండేవాడు. ఆయన మెచ్చుకుంటూ రాయడంతో మాన్యోకు 'మంచి జడ్జి' అన్న పేరు స్థిరపడిపోయింది. ప్రాసిక్యూషన్ మాత్రం అప్పీలుకు వెళ్లింది. ఆమియా పైకోర్టు ఆమె విడుదలను ఖాయం చేసింది గానీ మాన్యో రాసిన కారణాలను పక్కన పెట్టింది. మనిషిని వదిలింది, సూత్రాన్ని ఒప్పుకోలేదు.

ఆ తర్వాత లోకంలో చాలా కోర్టులు చేసింది ఇదే. గతిలేక తప్పు చేసినవాడి మీద జాలి చూపించడానికి అభ్యంతరం లేదు. ఆ జాలిని రూలుగా రాసిపెట్టడానికే భయం.

ఆ భయాన్ని దాచుకోకుండా చెప్పినవాడు ఇంగ్లండ్ జడ్జి లార్డ్ డెన్నింగ్. లండన్‌లోని సదర్క్ కౌన్సిల్‌కు ఖాళీగా పడి ఉన్న ఇళ్లున్నాయి. తలదాచుకోవడానికి చోటు లేని కుటుంబాలు వాటిలోకి దూరాయి. ఖాళీ చెయ్యమని కౌన్సిల్ కోర్టుకెక్కింది. మాకు మరో దిక్కు లేదు, అవసరం కొద్దీ వచ్చాం అని ఆ కుటుంబాలు వాదించాయి. 1970ల తొలినాళ్లలో తీర్పు వాళ్లకు వ్యతిరేకంగానే వచ్చింది. ఆకలిని దొంగతనానికి సమాధానంగా ఒకసారి ఒప్పుకుంటే అరాచకానికి తలుపు తెరిచినట్టేనని డెన్నింగ్ వాదన. నిజంగా గతిలేనివాడి వెనకే గతిలేదని ఊహించుకునేవాడు వస్తాడు, వాడి వెనక కావాలని కట్టుకథ అల్లేవాడు వస్తాడు. అప్పుడు ఏ ఇంటికీ భద్రత ఉండదు. ఇలాంటివాళ్ల కష్టం తీర్చాల్సింది దాతలు, మంచి మనుషులు. కోర్టులు చట్టం తప్పకూడదు.

ఈ మాటను రాతిగుండె మాట అని కొట్టిపారేయడం తేలిక. కానీ పోగొట్టుకునేవాడి వైపు నుంచి చూస్తే అందులో నిజం ఉంది. వీధి చివర కిరాణా కొట్టువాడు పాల ప్యాకెట్ మీద మిగుల్చుకునేది పైసల్లోనే. రోజుకు రెండు ప్యాకెట్లు పోతే అతని ఇంటి కూరగాయల డబ్బు పోయినట్టే. దొంగిలించినవాడి ఆకలి ఎంత నిజమో అతని నష్టమూ అంతే నిజం.

అయితే డెన్నింగ్ ఊహించిన అరాచకం ఎప్పుడూ ఆకలిగొన్నవాడి వైపు నుంచే రాదు. కేరళలో అట్టప్పాడి ఆదివాసీల ప్రాంతం. 2018 ఫిబ్రవరిలో అక్కడ ఒక ఆదివాసీ యువకుణ్ణి, బియ్యం, తిండి సరుకులు దొంగిలించాడంటూ ఒక గుంపు అడవిలో పట్టుకుంది. చేతులు కట్టేసి కొట్టారు. ఆ స్థితిలో అతని పక్కన నిలబడి సెల్ఫీ కూడా దిగారు. తర్వాత పోలీసులకు అప్పగించారు. ఆసుపత్రికి చేరేలోగా అతను చనిపోయాడు. 2023లో ప్రత్యేక కోర్టు 14 మందిని దోషులుగా తేల్చింది. అతను దొంగిలించిన సరుకుల విలువను, దానికి ఆ గుంపు వేసిన శిక్షను పక్కపక్కన పెట్టి చూస్తే తలుపు ఎవరు బద్దలుకొట్టారన్నది వేరే చెప్పక్కర్లేదు.

డెన్నింగ్ మూసిన తలుపును ఇటలీ ఒక వేలెడంత తెరిచింది. జెనోవా నగరంలో ఇల్లూ వాకిలీ లేని ఒక వలస మనిషి 2011లో సూపర్‌మార్కెట్‌కు వెళ్లాడు. కౌంటర్ దగ్గర కరకరలాడే రొట్టెపుల్లలకు డబ్బు కట్టాడు. జేబులో పెట్టుకున్న జున్నుముక్కకు, మాంసం సాసేజీలకు కట్టలేదు. మరో కొనుగోలుదారు చూసి కాపలావాడికి చెప్పాడు. సరుకు విలువ 4 యూరోల 7 సెంట్లు. కింది కోర్టు ఆరు నెలల జైలు, వంద యూరోల జరిమానా వేసింది. కేసు ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానం దాకా ఎక్కి 2016లో కొట్టుడుపోయింది. తప్పించుకోలేని ఆకలి తీర్చుకోవడానికి కొద్దిపాటి తిండి తీసుకోవడం నేరం కిందికి రాదని ఆ కోర్టు అంది.

ఈ తీర్పులో హద్దులు గమనించాలి. తిండి అయి ఉండాలి. కొద్దిగానే అయి ఉండాలి. ఆ పూట అవసరానికే అయి ఉండాలి. రేపటి కోసం మూటగట్టుకుంటే ఈ మినహాయింపు వర్తించదు.

ఇలాంటి హద్దులు మన పాత ధర్మశాస్త్రాలకూ తెలుసు. దారిలో తిండి అయిపోయిన బాటసారి పరాయి చేలో రెండు చెరకు గడలు, రెండు దుంపలు తీసుకుంటే దండుగ వెయ్యక్కర్లేదని మనుస్మృతి చెబుతుంది. లెక్క రెండే. మూడో గడ విరిస్తే సంగతి వేరు. అయితే ఆ వెసులుబాటు ద్విజుడికే అన్న షరతు కూడా అక్కడే ఉంది. ఆకలి అందరిదీ ఒకటే అయినా మినహాయింపు అందరిదీ కాలేదు.

ఈ చర్చను మహాభారతం శాంతిపర్వం ఇంకా లోతుకు తీసుకెళ్లింది. తిక్కన చేతిమీదుగా తెలుగువాళ్లకు అందిన పర్వం అది. పన్నెండేళ్ల కరువు. చెరువులు ఎండిపోయి, ఊళ్లు పాడుబడ్డాయి. ఆకలికి ఆగలేక విశ్వామిత్రుడు రాత్రివేళ ఒక చండాలుడి గుడిసెలో దూరి, అక్కడున్న కుక్కమాంసం తీసుకోబోతాడు. ఇంటివాడు నిద్రలేస్తాడు. అక్కడ మొదలవుతుంది అసలు వాదం. ఇది అధర్మం, తినకూడనిది, పైగా దొంగతనం, నీలాంటివాడు చెయ్యవచ్చా అని అడిగేది చండాలుడు. ముందు బతకాలి, బతికుంటే తర్వాత ధర్మం చెయ్యవచ్చు అని సమాధానపరుచుకునేది మహర్షి. చివరకు మాంసం తీసుకునే వెళతాడు.

ఆపద్ధర్మం అన్న మాటకు చాలామంది ఈ కథనే ఉదాహరణగా చెబుతారు. కానీ ఆ గుడిసెలో పోగొట్టుకున్నవాడి గురించి ఎంతమంది ఆలోచించారు? కరువు అతనికీ కరువే. మహర్షి ప్రాణం నిలబెట్టిన ఆ మాంసం ఆ ఇంటి మర్నాటి భోజనం. గతిలేక చేసిన నేరంలో నష్టం పడేది కలిగినవాడి మీదనా, తనలాంటివాడి మీదనా అన్నది నైతికంగా చిన్న తేడా కాదు.

ఇప్పటిదాకా చెప్పుకున్న కథల్లో ఒక పోలిక ఉంది. తీసుకున్నవాడు, పోగొట్టుకున్నవాడు, అంతే. ఇద్దరే. నీతిశాస్త్రం క్లాసుల్లోనూ చర్చావేదికల్లోనూ ఈ రొట్టె దొంగే కనిపిస్తాడు. కానీ ఈ రోజుల్లో, ముఖ్యంగా తెలుగు నేల మీద, డబ్బు అవసరం చేయించే నేరాల్లో మూడో మనిషి ఒకడుంటాడు. అవసరం వాడిది కాదు. నష్టమూ వాడిది కాదు. లాభం మాత్రం వాడిదే. ఆ మూడోవాణ్ణి లెక్కలోకి తీసుకోకుండా గతిలేనివాడి తప్పొప్పులు తేల్చబోతే లెక్క ఎప్పటికీ తప్పుగానే వస్తుంది.

శేషాచలం అడవులే చూడండి. ఎర్రచందనం సహజంగా పెరిగేది చిత్తూరు, కడప, నెల్లూరు ప్రాంతాల కొండల్లో, ఆ చుట్టుపక్కలే. విదేశాల్లో దానికున్న గిరాకీ ఇక్కడ చెట్టు ప్రాణం మీదికి వచ్చింది. గొడ్డలి పట్టేవాళ్లలో ఎక్కువమంది తమిళనాడు నుంచి, తిరువణ్ణామలై, ధర్మపురి వైపు నుంచి, జవ్వాది కొండల నుంచి వచ్చే కూలీలు. ఊళ్లో మేస్త్రీ మాట్లాడి, అడ్వాన్సు చేతిలో పెట్టి లారీ ఎక్కిస్తాడు. అడవిలో టాస్క్‌ఫోర్స్ దాడి చేసినప్పుడు దొరికేవి దాదాపు ఎప్పుడూ ఒకేలా ఉంటాయి: దుంగలు, గొడ్డళ్లు, బియ్యం మూటలు, మసిబారిన గిన్నెలు, పారిపోయేటప్పుడు వదిలేసిన చెప్పులు. వాటి మధ్య స్మగ్లర్ ఆనవాలు కనిపించదు. వాడు కొండెక్కడు.

2015 ఏప్రిల్ 7న శేషాచలంలో పోలీసుల కాల్పుల్లో ఇరవై మంది తమిళ కూలీలు చనిపోయారు. రాళ్లతో, గొడ్డళ్లతో తమ మీదికి వచ్చారని పోలీసులు అన్నారు. పట్టుకుని చంపారని పౌరహక్కుల సంఘాలు ఆరోపించాయి. జాతీయ మానవ హక్కుల సంఘం జోక్యం చేసుకుంది. ఆ చెట్టు అంతరించే ముప్పున్న జాతి అన్నది నిజం, దాన్ని నరకడం నేరమన్నదీ నిజం. అడవికి జరిగిన నష్టం ఎవరి సొంత నష్టమూ కాదు కాబట్టి తేలిక అనడానికీ లేదు. కానీ ఆ రోజు చనిపోయిన ఇరవై మందీ దుంగ మోసేవాళ్లే. సినిమాలో కూలీ భుజం ఎగరేసి సిండికేట్ పెద్ద అవుతాడు, 'పుష్ప' చూసి జనం ఈలలు వేశారు. బయట అడవిలో కూలీ కూలీగానే మిగులుతాడు, లేదా కేసు నంబరుగా.

కిడ్నీల వ్యాపారంలో ఈ మూడోవాడి పాత్ర ఇంకా స్పష్టం. ఇక్కడ అమ్ముకునేవాడు ఎవరి సొత్తూ దొంగిలించడు. తన ఒంట్లోంచి తీసిస్తాడు. అయినా అది నేరమే. 1994లో కేంద్రం చేసిన అవయవ మార్పిడి చట్టం అవయవాల క్రయవిక్రయాలను నిషేధించింది. మరుసటి ఏడాదే ఆంధ్రప్రదేశ్ తన సొంత చట్టం చేసుకుంది. 2011 సవరణతో కేంద్ర చట్టంలో శిక్ష ఐదు నుంచి పదేళ్ల జైలు, ఇరవై లక్షల నుంచి కోటి రూపాయల జరిమానా దాకా పెరిగింది. కొన్నవాడు, దళారీతో పాటు డబ్బు తీసుకుని ఇచ్చినవాడికీ ఈ సెక్షన్ వర్తిస్తుంది. 2000 ప్రాంతంలో గుంటూరు జిల్లా రెంటచింతల మండలంలో రైతులు అప్పులు తీర్చడానికి కిడ్నీలు అమ్ముకున్నారన్న వార్తలు రాష్ట్రాన్ని కుదిపేశాయి. ఆ తర్వాత కూడా ఇలాంటి ముఠాల కేసులు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బయటపడుతూనే ఉన్నాయి.

అమ్ముకుంటే అప్పు తీరుతుందా? చెన్నైలో కిడ్నీ అమ్ముకున్న 305 మందిని 2001లో పరిశోధకులు కలిసి మాట్లాడారు. మరుసటి ఏడాది అమెరికా వైద్య సంఘం పత్రికలో ఆ వివరాలు అచ్చయ్యాయి. నూటికి 96 మంది అమ్ముకున్నది అప్పు తీర్చడానికే. సగటున చేతికొచ్చింది 1,070 డాలర్లు. అమ్మిన తర్వాత కుటుంబ ఆదాయం సగటున మూడో వంతు పడిపోయింది. నలుగురిలో ముగ్గురికి అప్పు అలాగే ఉంది. నూటికి 86 మంది ఆరోగ్యం దెబ్బతిందన్నారు. మీలాంటి కష్టంలో ఉన్నవాళ్లకు ఈ పని చెయ్యమంటారా అని అడిగితే నూటికి 79 మంది వద్దన్నారు.

ఇక్కడే చట్టం చేసిన ఒక చిక్కుముడి ఉంది. అమ్మినవాడు కూడా నేరస్తుడే కాబట్టి, దళారీ ఒప్పుకున్న సొమ్ము ఎగ్గొట్టినా పోలీసు స్టేషన్‌కు వెళ్లలేడు. వెళితే తన నేరం తానే ఒప్పుకున్నట్టు. దళారీకి ఇంతకు మించిన రక్షణ కవచం ఏముంటుంది? గతిలేనివాణ్ణి కాపాడాలని రాసిన సెక్షనే వాడి నోరు నొక్కుతుంది. అమ్మినవాణ్ణి బాధితుడిగా చూసి, సాక్ష్యం చెబితే కేసు ఉండదని భరోసా ఇవ్వగలిగితే దళారీల ఆట కొంతైనా కడుతుంది.

గంజాయి సంగతికి వస్తే శిక్ష తూకాన్ని బట్టి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం 20 కిలోల గంజాయి వాణిజ్య పరిమాణం. ఆ గీత దాటితే తక్కువలో తక్కువ పదేళ్లు, ఎక్కువలో ఎక్కువ ఇరవై ఏళ్ల జైలు, లక్ష రూపాయలకు తగ్గని జరిమానా. విశాఖ మన్యంలో గంజాయి సాగును పీకేయడానికి 2021 చివర్లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఆపరేషన్ పరివర్తన పేరుతో కొండ ఊళ్లకు వెళ్లారు. ఏడు వేల ఎకరాలకు పైగా తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో రెండు లక్షల కిలోల సరుకు తగలబెట్టారు.

ఆ సరుకు పండించిన గిరిజన రైతు దానికి గిరాకీ పుట్టించలేదు. విత్తనం, పెట్టుబడి, రవాణా, కొనుగోలు, అన్నీ మైదానం నుంచి, బయటి రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్ల ఏర్పాట్లే. సరుకు బ్యాగులో పెట్టుకుని రైలెక్కే కుర్రాడికి దక్కేది ఒక్క ట్రిప్పు కిరాయి. పట్టుబడితే మాత్రం బ్యాగు బరువు మొత్తం అతనిదే. పెట్టుబడి పెట్టినవాణ్ణి శిక్షించడానికి అదే చట్టంలో 27-ఏ సెక్షన్ ఉంది, శిక్ష కూడా తక్కువేం కాదు. కానీ బ్యాగు కళ్ల ముందు కనిపిస్తుంది, పెట్టుబడి కనిపించదు. ఒకడి నేరం తక్కెట్లో వేసి తూచవచ్చు, ఇంకొకడి నేరాన్ని ఫోన్ రికార్డుల్లో, బ్యాంకు పద్దుల్లో వెతికి పట్టుకోవాలి. సులువైన కేసే ముందు నడుస్తుంది.

ఇంతవరకూ వింటే, గతిలేనివాడికి ఏ తప్పూ అంటదని ఈ ప్రసంగం చెబుతోందనిపించవచ్చు. అలా కాదు. ఈ మధ్య పోలీసులు 'మ్యూల్ ఖాతాలు' అంటున్నవి చూడండి. నీ బ్యాంకు ఖాతా, ఏటీఎం కార్డు, సిమ్ మాకివ్వు, కొన్ని వేలిస్తాం అంటాడు ఏజెంటు. అప్పుల్లో ఉన్న కుర్రాడో, ఫీజు కట్టలేని విద్యార్థో ఇచ్చేస్తాడు. ఆ ఖాతాలోకి వచ్చి, నిమిషాల్లో ఇంకో ఖాతాలోకి దాటిపోయేది ఎవరి డబ్బు? 'డిజిటల్ అరెస్ట్' అన్న బెదిరింపుకు వణికిపోయి పింఛను డబ్బులు పంపించిన ఒక పెద్దాయనది కావచ్చు, కూతురి పెళ్లికి దాచుకున్న ఒక తల్లిది కావచ్చు. ఇక్కడ ఏజెంటు ఉన్నాడు, నిజమే. ఖాతా ఇచ్చినవాడి అవసరమూ నిజమే. కానీ పోగొట్టుకున్నవాడి ముఖం తనకు కనిపించదు కాబట్టి అడగకుండా ఊరుకోవడం అతను చేసుకున్న ఎంపిక. జెనోవాలో జున్నుముక్క తీసుకున్నవాడు ఆ పూట ఆకలి తీర్చుకున్నాడు. ఖాతా అద్దెకిచ్చినవాడు ఇంకొకడి జీవితకాలపు పొదుపు దోచుకోవడానికి దారి ఇచ్చాడు. రెంటినీ ఒకే జాలితో చూడలేం.

అంటే గతిలేనితనం ఉందా లేదా అన్న ఒక్క ప్రశ్న సరిపోదు. తీసుకున్నది అవసరానికి సరిపడానా? నష్టం ఎవరి మీద పడింది, వాళ్లు తట్టుకోగలరా? లాభం చివరికి ఎవరి చేతికి పోయింది? మరో దారి నిజంగా ఉండిందా? ఈ నాలుగూ కలిపి అడిగితే, ఒకే పేరున్న నేరాల మధ్య కూడా ఎంత దూరం ఉందో కనిపిస్తుంది.

చివరి ప్రశ్నే అన్నిటికన్నా కష్టమైనది. ఎందుకంటే కొన్నిసార్లు ఉన్న దారిని మూసింది ప్రభుత్వమే. బాపట్ల దగ్గర స్టువర్టుపురం పేరు వినగానే తెలుగువాళ్లకు దొంగలే గుర్తుకొస్తారు, సినిమాలు దాన్ని ఇంకా గట్టిపరిచాయి. ఆ ఊరు 1910లలో పుట్టిన సెటిల్‌మెంట్. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద హోదాలో ఉన్న హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టి, నిర్వహణ సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. అక్కడికి చేర్చింది ఎరుకల కుటుంబాలను. అంతకు ముందు ఎరుకలవాళ్లు పశువుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని కోస్తాకూ లోపలి జిల్లాలకూ మధ్య తిరిగి బేరం చేసుకునేవాళ్లు. రైళ్లు వచ్చాయి, ఉప్పు మీద సర్కారు పెత్తనం బిగిసింది, ఆ బేరం పోయింది. బతుకుతెరువు పోయిన మనుషులను ఆదుకోవాల్సిన ప్రభుత్వం, 1911 నాటి నేరస్థ జాతుల చట్టం కింద వాళ్ల పేర్లు రిజిస్టర్లలో ఎక్కించి, వేలిముద్రలు తీసుకుని, రోజూ హాజరు వేయించింది. ఊరు దాటాలంటే పాసు కావాలి. దొంగతనం చేసినవాడికీ, చెయ్యనివాడికీ, అప్పుడే పుట్టిన పసివాడికీ ఒకటే ముద్ర.

1952లో ఆ చట్టం రద్దయింది. ముద్ర పోలేదు. గుర్రం జాషువా కుమార్తె హేమలతా లవణం, ఆమె భర్త లవణం 1970లలో అక్కడికి వెళ్లి, నేరం వదిలి రావాలనుకున్నవాళ్లకు భూమి, పని, పిల్లలకు చదువు కోసం ఏళ్ల తరబడి పనిచేశారు. వాళ్ల పనిలో ఉపదేశం కన్నా ముందు జీవనాధారం ఉంది. మరో దారి చూపించిన తర్వాతే పాత దారి ఎందుకు తొక్కావని అడిగే హక్కు వస్తుందని ఆ క్రమమే చెబుతుంది.

దొంగతనం చెయ్యకూడదు సరే, అడుక్కోవచ్చా? అదీ కుదరదు. ఆంధ్రప్రదేశ్‌లో భిక్షాటన నిరోధక చట్టం 1977 నుంచే ఉంది. 2017 నవంబరులో హైదరాబాద్‌లో అంతర్జాతీయ పారిశ్రామికవేత్తల సదస్సు జరిగింది, అమెరికా నుంచి ఇవాంకా ట్రంప్ వచ్చారు. దానికి ముందు నగరంలో రెండు నెలలపాటు భిక్షాటనను నిషేధిస్తూ పోలీసు కమిషనర్ ఉత్తర్వులిచ్చారు. సిగ్నళ్ల దగ్గర, గుళ్ల దగ్గర, దర్గాల దగ్గర దొరికినవాళ్లను చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల ఆవరణల్లోని ఆశ్రమాలకు తరలించారు. మరుసటి ఏడాది ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు ఢిల్లీలో అడుక్కోవడాన్ని నేరంగా చూసే నిబంధనలను కొట్టేసింది. మనిషికి కనీస అవసరాలు తీర్చలేని ప్రభుత్వం, అందుకోసం చెయ్యి చాచినవాణ్ణి శిక్షించకూడదన్నది ఆ తీర్పు సారాంశం.

ఇక దొంగతనం విషయంలో మన చట్టం ఎక్కడుంది? 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. అందులో 303వ సెక్షన్ ఒక కొత్త మెట్టు కట్టింది. సొత్తు విలువ ఐదు వేల రూపాయల లోపు ఉండి, మొదటిసారి శిక్ష పడుతున్నవాడు ఆ వస్తువునో దాని విలువనో తిరిగి ఇచ్చేస్తే, జైలుకు బదులు సమాజ సేవ శిక్షగా పడుతుంది. మంచి మార్పే. కానీ దొంగిలించిన బియ్యం ఆ రాత్రే వండుకు తిన్నవాడు ఏం తిరిగి ఇస్తాడు? చేతిలో ఆ విలువ ఉంటే దొంగతనానికే వెళ్లేవాడు కాదు కదా. వెసులుబాటు అవసరమైనవాడికే అందకుండా పోయే షరతు అది. మేజిస్ట్రేటు వాయిదాల మీద చెల్లించే అవకాశం ఇస్తేనో, చేసిన సేవనే చెల్లింపు కింద జమ కడితేనో ఆ సెక్షన్ దాని ఉద్దేశానికి దగ్గరవుతుంది.

శిక్ష పడేదాకా వెళితే ఇదంతా. చాలామంది అక్కడిదాకా వెళ్లకముందే జైల్లో ఉంటారు. 1979లో బిహార్ జైళ్లలో విచారణ ఖైదీల సంగతి సుప్రీంకోర్టు ముందుకు వచ్చినప్పుడు, చిన్న నేరాలకు పట్టుబడి, ఆ నేరానికి పడే గరిష్ఠ శిక్ష కన్నా ఎక్కువ కాలం విచారణే లేకుండా లోపల ఉన్నవాళ్లు తేలారు. పూచీకత్తు కట్టే స్తోమత లేకపోవడమే కారణం. హుస్సేనారా ఖాతూన్ కేసుగా పేరుపడ్డ ఆ వ్యాజ్యం మూలంగా దేశవ్యాప్తంగా వేలమంది బయటికొచ్చారు. అయినా 2022 లెక్కల్లో కూడా మన జైళ్లలో నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలే. డబ్బు లేక నేరం చేసినవాడు డబ్బు లేకనే బెయిలు కూడా తెచ్చుకోలేడు.

అందుకని ఈ విషయంలో మామూలు కుటుంబానికి తెలిసి ఉండాల్సిన సంగతి ఒకటుంది. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును పెట్టాలి. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. ఫోన్ నంబరు 15100. అరెస్టయినవాడు అడగకపోయినా ఈ హక్కు గురించి చెప్పడం మేజిస్ట్రేటు విధి అని సుప్రీంకోర్టు 1980లోనే ఖత్రీ కేసులో చెప్పింది. అలా వచ్చిన వకీలు మొదటి రోజే కొన్ని మాటలు అడిగి రికార్డులోకి ఎక్కించాలి: బ్యాగు ఎవరిచ్చారు, ఎంతిస్తామన్నారు, ఎక్కడ దించమన్నారు, ఆ నంబరు ఫోన్‌లో ఇంకా ఉందా. దుంగ మోసినవాడి కేసులో మేస్త్రీ పేరు, ఖాతా ఇచ్చినవాడి కేసులో ఏజెంటు పేరు కాగితం మీదికి రావడం అక్కడే మొదలవుతుంది. అది రాకపోతే ఛార్జిషీటు కూలీ పేరుతో మొదలై కూలీ పేరుతోనే ముగుస్తుంది, మేస్త్రీ ఇంకో ఊళ్లో ఇంకో పదిమందికి అడ్వాన్సు ఇస్తుంటాడు.